చేతులెత్తిన ఆదివారం

2024 ఏప్రిల్ 28, ఆదివారం. ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలు. ఆకాశంలో మబ్బు తునక లేదు. చర్చి వరండాలో నేనే మేకు కొట్టి తగిలించిన ఉష్ణమాపకంలో పాదరసం నలభై ఒకటి దాటింది. లోపల ఫ్యాన్లు ఆ వేడిగాలినే తిప్పి తిప్పి మా మీదికి కొడుతున్నాయి. బయట ఎన్నికల ప్రచారపు ఆటో ఒకటి మైకులో ఓట్లడుగుతూ రైల్వే గేటు వైపు సాగిపోయింది. లోపల కూడా ఓటింగే జరగబోతున్నది. సంఘపు వార్షిక సర్వసభ్య సమావేశంలో ఏడో అంశం, సండే స్కూలు పెద్ద తరగతికి పాఠం చెప్పే బాధ్యత నుంచి నన్ను తొలగించడం. ఆ ఓట్లు లెక్కపెట్టవలసినవాణ్ణి నేనే.

ఇది వింతగా తోస్తుంది కనుక ముందు మా సంఘపు పద్ధతి చెప్పాలి. మా చర్చిలో ఏ నిర్ణయమైనా చేతులెత్తడంతోనే జరుగుతుంది. 2009లో కోశాధికారి ఎన్నికప్పుడు రెండు వర్గాలూ ఎవరికి వారు చేతులు లెక్కపెట్టుకొని, రెండు వేర్వేరు అంకెలు ప్రకటించి, ప్రసంగ వేదిక ముందే ఒకరి కాలరు ఒకరు పట్టుకున్నారు. ఆ మరుసటి సంవత్సరం నుంచి లెక్క నాకు అప్పగించారు. గోదావరి ఒడ్డు బొగ్గు గనుల్లో సర్వేయరుగా పనిచేసి వచ్చినవాణ్ణి. ఏ వర్గానికీ చెందను. ముందు వరస నుంచి వెనక్కి ఒకసారి, వెనక నుంచి ముందుకు ఒకసారి లెక్కపెట్టి, రెండూ కలిస్తేనే నోరు విప్పుతాను. ఇది గనిలో అబ్బిన అలవాటు. కిందికి దిగే ప్రతి మనిషీ దీపాల గదిలో ఒక ఇత్తడి బిళ్ల ఇచ్చి దిగుతాడు, పైకి వచ్చాక తీసుకుంటాడు. షిఫ్టు ముగిసేసరికి కొక్కేనికి ఒక్క బిళ్ల మిగిలిందంటే కింద ఒక మనిషి మిగిలాడని అర్థం. అక్కడ 'సుమారు' అనే మాటకు చోటు లేదు.

నా విశ్వాసం కూడా ఆ రకానిదే. మా తాత బాప్తిస్మం పొందిన తేదీ నాకు తెలుసు. ఆయన పుట్టిన తేదీ ఎవరికీ తెలియదు. ఆయనకు ముందు మా ఇంట్లో ఎవరు ఎప్పుడు పుట్టారో, ఎప్పుడు పోయారో రాసిపెట్టుకున్న మనిషి లేడు, రాసిపెట్టవలసినంత విలువ మాకు ఉందనుకున్న ఊరూ లేదు. మొదటిసారి మా పేరు పక్కన ఒక తేదీ వేసింది చర్చి. కాబట్టి తేదీలను నమ్మేవాడు దేవుణ్ణి ఎట్లా నమ్ముతాడని నన్నెవరైనా అడిగితే నవ్వు వస్తుంది. మా ఇంట్లో తేదీలు దేవునితోనే మొదలయ్యాయి.

ఇక రాయి సంగతి. సర్వేయరుగా చేరిన రెండో ఏడు, కొత్తగా తవ్విన సొరంగంలో కొలతలు తీస్తుండగా పైకప్పు నుంచి ఒక పెచ్చు ఊడి నా బూట్ల దగ్గర పడింది. దీపపు వెలుతురులో తిప్పి చూస్తే దాని మీద ఒక ఆకు ఉంది. నాలుక ఆకారం, నడుమ ఒక ఈనె, దాని నుంచి రెండు పక్కలకూ వల అల్లినట్టు సన్నని ఈనెలు. నేల మట్టానికి అంత లోతున, ఎండ ఎన్నడూ చూడని చోట, ఒక ఆకు. ఆ రోజు నాతోపాటు కిందికి దిగిన మా భూగర్భ శాస్త్రవేత్త దాని వయసు పాతిక కోట్ల సంవత్సరాలకు పైమాటే అన్నాడు. ఇప్పుడు ఆ చెట్టు భూమి మీద ఎక్కడా లేదన్నాడు. ఆ సాయంత్రం పైకి వచ్చి, బిళ్ల తీసుకొని, మోకరించి ప్రార్థన చేసుకున్నాను. నాకు భయం వేయలేదు. ఇంత ఓపిక ఉన్న దేవుడా అని మాత్రం అనిపించింది.

ఆ తరువాత బైబిలులో సృష్టిని గురించిన వాక్యాన్ని సర్వేయరు కంటితో చదివాను. సూర్యుణ్ణి నాలుగో దినాన గానీ పెట్టలేదని అక్కడే ఉంది. సూర్యుడు లేని మొదటి మూడు దినాల పొడవును ఎవరు కొలిచారు? కొలిచే పరికరం లేని చోట నేను అంకె వేయను. చెట్లను దేవుడు ఒక్కొక్కటిగా నాటాడని కూడా అక్కడ లేదు. మొలిపించమని భూమికి ఆజ్ఞ ఇచ్చాడని ఉంది. పని అప్పజెప్పిన యజమాని పక్కనే నిలబడి గడియారం చూశాడని మాత్రం ఎక్కడా లేదు. ఒక జీవి మరొక జీవిగా మారుతూ రావడానికి కోట్ల ఏళ్లు పట్టిందంటే, ఆ ఆజ్ఞ ఇంకా నడుస్తున్నదనే నేను అర్థం చేసుకున్నాను. రాయికీ వాక్యానికీ మధ్య నాకు ఏనాడూ తగాదా రాలేదు. తగాదా మనుషులు తెచ్చారు.

2008లో పదవీ విరమణ చేసి వరంగల్‌లో స్థిరపడినప్పటి నుంచి పెద్ద తరగతి నాదే. పదమూడు నుంచి పదిహేడేళ్ల పిల్లలు. ఆదివారం ఉదయం ఎనిమిది గంటలకు మొదలు. ఎనిమిదీ ఐదుకు తలుపు మూస్తాను. ఉద్యోగం పోయింది, చూపు కొంత పోయింది, ఎడమ చెవి గనిలోనే పోయింది. వారమంతా నేను సిద్ధపడి, ఎదురుచూసి చేసే పని ఆ గంట ఒక్కటే మిగిలింది.

ఈ ఏడు మార్చి మొదటి వారంలో, ఒక సాయంత్రం, మా తరగతిలోని ఒక పిల్లను వెంటబెట్టుకొని వాళ్లమ్మ మా ఇంటికి వచ్చింది. కొత్తవాడలో జంపఖానాలు నేసే కుటుంబం. తండ్రి చర్చికి రాడు, రావద్దనీ అనడు. పిల్ల పదో తరగతి. ఆ ఇంట్లో అంతవరకు చదివినవాళ్లు లేరు. తల్లి గుమ్మంలోనే నిలబడింది.

"వందనాలు సార్. బిడ్డ ప్రీ ఫైనల్ల నాలుగు మార్కుల ప్రశ్న ఇడిశిపెట్టి వచ్చింది. రాక కాదు సార్. వచ్చి గూడ రాయలేదట."

ప్రశ్న జీవపరిణామం మీద. విషయం పిల్లనే చెప్పింది. క్రిస్మస్ సెలవుల్లో యువజన కూడికకు బయటి ఊరు నుంచి వచ్చిన ఒక ప్రసంగీకుడు, పరిణామం గురించి కాగితం మీద రాసిన చెయ్యి, ప్రభువును ఎరుగనని బొంకిన నోటితో సమానమని చెప్పాడట. పిల్లలందరినీ నిలబెట్టి, అట్లాంటి జవాబు రాయబోమని చేతులెత్తించి మాట తీసుకున్నాడట. మిగతా పిల్లలు చెయ్యి దించిన మరుక్షణమే మరిచిపోయారు. ఈ పిల్ల మరిచిపోలేదు. బడిలో సారు పేపరు ఇస్తూ, మీ యేసయ్య వచ్చి మార్కులు వేస్తాడా అని తరగతి ముందర నవ్వాడట.

"చెయ్యెత్తి మాటిచ్చిన తాతా. ఎట్ల తప్పుత?" అన్నది.

తల్లికి రెండు భయాలు. పరీక్ష పోతుందని ఒకటి. రెండోది చెప్పేముందు పిల్లను దగ్గరికి లాక్కున్నది. "దీనికి రెండేండ్లప్పుడు పెద్ద దవాఖానల ఇగ లాభం లేదన్నరు సార్. ప్రార్థన తోటే బతికింది. రాస్తే ఆయనకు కోపమొస్తదేమో. ఇచ్చినోడు మల్ల తీస్కుంటడేమో."

ఆ భయాన్ని నేను చులకన చేయలేదు. అబద్ధం రాయకపోవడమే తను ఇచ్చిన మాటలో సారమనీ, కళ్లతో చూసి తెలుసుకున్నది రాస్తే ఆ మాట తప్పినట్టు కాదనీ పిల్లకు చెప్పాను. ఆదివారం తరగతికి రమ్మన్నాను. చూడటానికి ఒకటి తెస్తానన్నాను.

ఆ ఆదివారం పాత తువ్వాలులో చుట్టి రాయిని తీసుకువెళ్లాను. పిల్లలు చేతులు మార్చుకుంటూ చూశారు. వెనక నుంచి ఒక పోరడు, ఇది నోవహు వరదల పడ్డ ఆకా తాతా అన్నాడు. మంచి ప్రశ్నే. గనిలో ఒక బొగ్గు పొర కింద ఇంకొక పొర, దాని కింద మరొకటి ఉంటాయనీ, ఒక అడవి పెరిగి పూడిపోయాక దాని మీద ఇంకొక అడవి పెరిగిందనీ, ఒక్క వరద ఒక్క అడవినే పూడ్చగలదనీ చెప్పాను. ఆ నేత ఇంటి పిల్ల ఆకు మీద వేలు ఆనించి, కళ్లు దగ్గరగా పెట్టి చూసింది.

"పోగుల లెక్కనే ఉన్నయి తాతా. పడుగు, పేక."

"నేసినవాడు ఒక్కడే," అన్నాను. "ఎన్ని రోజులు నేశాడో అదొక్కటే మనకు గొడవ."

తరువాత అందరికీ తెలిసిన సంగతి ఒకటి గుర్తు చేశాను. మా చర్చికి పల్లెల నుంచి వచ్చే పత్తి రైతు ఒకాయన అంతకుముందు రెండు ఆదివారాలు లేచి ప్రార్థన అడిగాడు. గులాబీ పురుగు ఏ మందుకూ చావడం లేదని, మందుకు అది అలవాటు పడిపోయిందని చెప్పుకున్నాడు. సంఘమంతా ఆమెన్ అన్నది. మందుకు చావని పురుగులు మిగిలి, వాటికే పిల్లలు పుట్టి, చేను నిండా అవే అయ్యాయి. పరిణామం అంటే ఇదేననీ, మనం దాని గురించి మోకరించి ప్రార్థన కూడా చేశామనీ పిల్లలకు చెప్పాను. వాళ్లు నవ్వారు. పదహారేళ్లలో నా తరగతి అంత బాగా నడిచిన రోజు మరొకటి లేదు.

ఇక్కడి దాకా ఎవరికీ కోపం రాలేదు. ఏప్రిల్ 7న ఆరాధన మధ్యలో సాక్ష్యాలకు సమయం ఇచ్చారు. దేవుడు చేసిన మేలును ఎవరైనా లేచి నిలబడి చెప్పుకోవచ్చు. చివర సంఘమంతా హల్లెలూయ అంటుంది. పరీక్షలు అయిపోయి అయిదు రోజులు. స్త్రీల వైపు మూడో వరసలో ఆ పిల్ల లేచింది.

"దేవునికి స్తోత్రం. పరీక్షలు మంచిగ రాశిన. జీవపరిణామం ప్రశ్న మల్ల వచ్చింది. ఎనుకట ఇడిశిపెట్టిన. ఈసారి తాత రాయి చూపెట్టిండు, దేవుడు బుద్ధిచ్చిండు, మొత్తం రాశిన. హల్లెలూయ."

అలవాటు కొద్దీ సగం సంఘం హల్లెలూయ అనేసింది. మిగతా సగం అనబోయి ఆగిపోయింది. అన్నవాళ్లు ఆగినవాళ్లను చూసి, తామేమి అన్నామో అప్పుడు గ్రహించారు. చాపల మీద మొదలైన గుసగుస గడప దాటేసరికి, నేను కోతి నుంచి మనిషి వచ్చాడని పిల్లల చేత ప్రమాణం చేయించినట్టు మారింది. ఆ మార్పుకు కోట్ల సంవత్సరాలు పట్టలేదు.

ఆ వారంలోనే పాస్టరుగారు ఇంటికి వచ్చారు. చిన్నవాడు, ముప్ఫై రెండేళ్లు, ఇంజనీరింగ్ చదివి సేవకు వచ్చినవాడు. మర్యాదస్తుడు. మజ్జిగ తాగి, గ్లాసు తానే తీసుకెళ్లి సింకులో పెట్టి వచ్చి కూర్చున్నాడు.

"అంకుల్, మీరు చెప్పింది తప్పని నేనంటలేను. కని సంఘం పసిపిల్ల అసొంటిది. ఒక్క రాయి గుంజితే గోడ మొత్తం పడ్తది."

ఒక్క రాయికే పడిపోయే గోడ కట్టినవాళ్లను అడగవలసిన ప్రశ్న నన్ను అడుగుతున్నారన్నాను. ఆయన పదో తరగతిలో ఆ ప్రశ్నకు ఏం రాశారో కూడా అడిగాను. ఆయన నిజాయితీగానే చెప్పాడు.

"రాశిన అంకుల్. నాలుగుకు నాలుగొచ్చినయి. కని అప్పటికి నేను మారుమనసు పొందలే."

మార్కులు మాత్రం వెనక్కి ఇవ్వలేదన్నమాట. ఆయన ఒక మార్గం చూపించాడు. నేను వేదిక మీదికి వచ్చి, సంఘం నమ్మినట్టు భూమి వయసు ఆరు వేల ఏళ్లని ఒక్క మాట అంటే చాలు. నా మనసులో ఏముందో ఎవరూ అడగరు. తరగతి నాకే ఉంటుంది.

నా మిత్రుడు కూడా అదే అన్నాడు. ఆయన నాతోపాటే గనిలో షిఫ్టు పనివాళ్లను అజమాయిషీ చేసే ఓవర్‌మ్యాన్‌గా చేశాడు, మా వీధిలోనే ఉంటాడు. పదహారేళ్లుగా ఆయన స్కూటరు వెనక కూర్చొనే చర్చికి పోతున్నాను. "ఒక్క అంకెనే గదనే అన్నా, అనేసెయ్ రాదు. గనిల మనం ఎన్ని దొంగ లెక్కలకు సంతకం పెట్టలే?"

"నువ్వు పెట్టావు," అన్నాను.

ఆయన గట్టిగా నవ్వాడు. "నువ్వు స్వర్గానికి పోయినా లోపటికి పోవు. గేటు కాడ నిలబడి వచ్చినోళ్ల బిళ్లలు లెక్కపెడుతవ్."

నేను నవ్వలేదు. వాళ్లు అడిగింది వాళ్ల దృష్టిలో చిన్నది. నేను లెక్కపెట్టని అంకెను నా నోటితో ప్రకటించాలి, అంతే. నా జీవితంలో నేను చేయని పని అదొక్కటే. కుదరదని పాస్టరుగారికి కబురు పంపాను. అజెండాలో ఏడో అంశం అట్లా చేరింది.

మళ్లీ ఏప్రిల్ 28కి వస్తాను. పాస్టరుగారు తీర్మానం చదివారు. మాట్లాడేవారు ఎవరైనా ఉన్నారా అని అడిగితే ఎవరూ లేవలేదు. తీర్మానం నా మీదే కనుక ఈసారి లెక్క మరొకరు చేస్తే బాగుంటుందేమో అని ఆయన సంకోచించారు. అప్పుడు నా మిత్రుడు లేచాడు. ఒక్క క్షణం నాకు ఆశ కలిగింది, అబద్ధమెందుకు.

"అన్ననే లెక్కపెట్టాలె అయ్యగారూ. అన్న చెప్పిన అంకె మీద ఎవ్వలకు అనుమానం రాదు."

అందరూ తలలూపారు. చేతులు లెక్కపెట్టడానికి వాళ్లకు నన్ను మించిన నమ్మకస్తుడు లేడు. భూమి వయసు చెప్పడానికి మాత్రం పనికిరాను.

ఓటర్లు నూట పన్నెండు మంది అని మొదట సరిచూసుకున్నాను. బాప్తిస్మం పొంది, పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు. తొలగించాలన్నవారు చేతులెత్తండి అన్నారు పాస్టరుగారు. పురుషుల వైపు నుంచి మొదలుపెట్టాను. పత్తి రైతు చెయ్యి ఎత్తాడు, మొన్న పురుగు గురించి ప్రార్థన అడిగిన చెయ్యే. ఒకప్పుడు నా తరగతిలో కూర్చొని, ఇప్పుడు పిల్లల తండ్రులైనవాళ్లు తొమ్మిది మంది ఎత్తారు. నేను దగ్గరికి వచ్చేసరికి వాళ్ల చూపులు ఫ్యాన్ల మీదికి పోయాయి. స్త్రీల వైపు మూడో వరసలో పిల్ల తల్లి చెయ్యి భుజం దాకా వచ్చి అక్కడే ఆగింది. కొంగు నుదుటి మీదికి లాక్కొని కిందికి చూస్తున్నది. అట్లాంటి చెయ్యిని లెక్కలో వేయలేను, వదిలేయలేను.

"అమ్మా, ఎత్తినట్టా, ఎత్తనట్టా?" అని అడిగాను.

ఆమె చెయ్యి పూర్తిగా పైకి ఎత్తింది. బిడ్డ బతికి ఉండాలని ఎత్తిన చెయ్యి అది. నాకు తెలుసు. లెక్కలో మాత్రం దానికీ మిగతా చేతులకూ తేడా లేదు.

తరువాత, తొలగించవద్దన్నవారు ఎత్తండి అన్నారు పాస్టరుగారు. మొదటి వరసలో నా భార్య చెయ్యి ముందుగా లేచింది. కొందరు యువకులు, ఇద్దరు ముసలి విధవలు, ఎన్నడూ నాతో మాట్లాడని ఒక రైల్వే ఉద్యోగి. మూడో వరసలో, తల్లి పక్కన, ఆ పిల్ల కుడి చెయ్యి నిటారుగా లేచింది. తల్లి దాన్ని పట్టి కిందికి లాగింది. ఎడమ చెయ్యి లేచింది. ఆమెకు పదిహేనేళ్లు, బాప్తిస్మం కాలేదు. నేను దాటుకొని ముందుకు పోయాను. వెనక నుంచి రెండోసారి లెక్కపెడుతూ వచ్చినప్పుడు కూడా ఆ చెయ్యి అట్లాగే ఉంది. మళ్లీ దాటుకొని వచ్చాను.

నా మిత్రుడు రెండు మార్లూ చేతులు మోకాళ్ల మీదే పెట్టుకొని కూర్చున్నాడు.

ఆ రోజు స్కూటరు ఎక్కలేదు. భార్యాభర్తలం ఆటోలో వచ్చాము. అన్నం పెడుతూ ఆమె అన్నది: "తన మెడకు తాడు తనే కొలిచిచ్చినట్టు లెక్కపెట్టొస్తిరి. ఆ పిల్లనన్న కలుపకపోతిరి?"

కలిపితే అంకె మారేదనీ, ఫలితం మారేది కాదనీ చెప్పాను. ఫలితం మారనప్పుడు కలిపితే ఏం పోయిందని ఆమె అడిగింది. దానికి నా దగ్గర జవాబు ఉంది, కానీ ఆమెకు అది జవాబులాగా వినపడదు.

మంగళవారం పదో తరగతి ఫలితాలు వచ్చాయి. పిల్ల పాసయింది. మరుసటి ఆదివారం తల్లి సాక్ష్యం చెప్పి, చర్చిలో అందరికీ లడ్డూలు పంచింది. పాస్టరుగారి ప్రార్థనకు, సంఘపు ఉపవాసానికి స్తోత్రాలు చెప్పింది. ఆ సాక్ష్యంలో రాయి లేదు, నేను లేను. హల్లెలూయ ఈసారి ఎక్కడా ఆగలేదు. లడ్డూ నాకూ ఇచ్చింది. ఇచ్చేటప్పుడు నా ముఖం చూడలేదు. పెద్ద తరగతిలో ఇప్పుడు పాఠం లేదు, ఫోనులో వీడియోలు చూపిస్తున్నారట. ఎనిమిదీ ఐదుకు తలుపు మూసేవారు లేరు. నేను ఆరాధనకు మాత్రం వెళ్తున్నాను, ఎప్పటి చోటనే కూర్చుంటున్నాను. వచ్చే ఏప్రిల్‌లో ఓట్లు లెక్కపెట్టమని అప్పుడే అడిగారు.

తుది లెక్క ఇది. తొలగించాలన్నవారు అరవై నాలుగు. వద్దన్నవారు ఇరవై తొమ్మిది. ఏ చెయ్యీ ఎత్తనివారు పంతొమ్మిది; వారిలో నా మిత్రుడొకడు, నేనొకణ్ణి. మొత్తం నూట పన్నెండు. పిల్ల చెయ్యి ఇందులో లేదు.